బోటు మీద కాపురం: బెజవాడలో ఉండగానే మొదలుపెట్టాల్సిన పనులు

మావారు ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. అప్పటి నుంచి చలికాలం మలేసియాలోని లంకావి దీవి దగ్గర ఒక తెరచాప బోటు మీద ఉంటాం, ఉగాదికి విజయవాడ వచ్చేస్తాం. సత్యనారాయణపురంలో మా వీధివాళ్ళూ, గుంటూరు చుట్టాలూ మొదట అడిగేది తుపాను గురించే. మంచి కాలంలో మంచి రేవులో ఉన్న బోటుకి తుపాను రోజూ ఉండే బెడద కాదండీ. రోజూ ఎదురయ్యేవి నీళ్ళు, కరెంటు, ఇరుకు, పక్క బోట్లవాళ్ళు. మొదటి మూడూ ఇక్కడ మన ఇంట్లోనే నేర్చుకోవచ్చు. నాలుగోది మనవాళ్ళకి సగం వచ్చు. పిలిచి పెట్టడం మనకెవరూ నేర్పక్కర్లేదు. మిగతా సగం మాత్రం ఓపిగ్గా నేర్చుకోవాలి.

మీ పిల్లలో తోబుట్టువులో యాట్, అంటే ఇలాంటి తెరచాప బోటు, కొనుక్కుని "వచ్చి మాతో నాలుగు నెలలు ఉండండి" అని పిలిచారనుకోండి, లేదా మీరే కొనుక్కున్నారనుకోండి. బయలుదేరడానికి కనీసం రెండు నెలల ముందు ఈ పనులు మొదలుపెట్టండి.

మొదటి పని: నెలలు, కాగితాలు

బోటు ఏ నీళ్ళలో ఉంటుందో అడిగి, దాన్నిబట్టి నెలలు చూసుకోండి. లంకావి, ఫుకెట్ వైపు మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలి. వాన, అలలు, లంగరు వేసినా కుదురు ఉండదు. నవంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్య గాలి, తేట నీళ్ళు. కార్తీకం వెళ్ళాక బయలుదేరి ఉగాదికి తిరిగొచ్చేలా పెట్టుకుంటే మన పంచాంగానికీ సరిపోతుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు వేరే నెలల్లో ఎవరు ఎంత బతిమాలినా ఒప్పుకోకండి.

తర్వాత పేరు. బోటు ఒక దేశంలోకి వెళ్ళినప్పుడూ, అక్కడి నుంచి బయల్దేరినప్పుడూ కెప్టెన్ ఒక సిబ్బంది జాబితా ఇవ్వాలి. మీరు వంట మాత్రమే చేసినా, ఏమీ చేయకపోయినా మీ పేరు అందులో ఉండాలి. విమానంలో వచ్చి బోటు ఎక్కి ఇంకో దేశం వెళ్తే పేరు చేర్పించాలి. బోటులో వచ్చి విమానంలో వెళ్ళిపోతుంటే తీయించాలి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి పూర్తిగా ఉంటుంది, ఒకరికి ఒక్క అక్షరమే ఉంటుంది, ఒకరికి అసలు ఉండదు. టికెట్లో, వీసాలో, జాబితాలో పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే రాయించండి. ఒకవైపు టికెట్ మీద వెళ్తుంటే విమానాశ్రయంలో తిరుగు ప్రయాణం గురించి అడుగుతారు. "ఫలానావారు మా బోటులో చేరుతున్నారు" అని కెప్టెన్ రాసిన ఉత్తరం, బోటు రిజిస్ట్రేషన్ కాపీ చేతిసంచిలో పెట్టుకోండి. తిరిగి వచ్చేటప్పుడు బోటులో వాడే ఉపగ్రహ ఫోను పొరపాటున కూడా సామానులో వేసుకోవద్దు. మన దేశంలో అనుమతి లేకుండా అది దగ్గర ఉంటే నేరం.

రెండో పని: ఇంట్లో ఒక వారం బోటు బతుకు

ఇది చేయకుండా ఎవరూ వెళ్ళకూడదని నా గట్టి అభిప్రాయం. 40 అడుగుల బోటులో మంచినీళ్ళ ట్యాంకులు సాధారణంగా 300 నుంచి 500 లీటర్లు పడతాయి. సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రం ఉన్నా దానికి కరెంటు కావాలి, అది పాడవనూ వచ్చు. అందుకని పొద్దున్నే మనిషికొక 20 లీటర్ల వాటర్ టిన్ను నింపి పక్కన పెట్టండి. తాగడం, వంట, అంట్లు, స్నానం అన్నీ అందులోనే. టాయిలెట్‌కి మాత్రం కుళాయి వాడండి, ఎందుకంటే బోటులో దానికి సముద్రపు నీరే వస్తుంది. ఇంట్లో మిగతా కుళాయిలు కట్టేయండి.

రెండో రోజుకే కొన్ని సంగతులు చేతికి అలవాటవుతాయి. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయరు, వాటితో గిన్నెల జిడ్డు వదిలిస్తారు. కంచాలు కడిగేముందు కాగితంతో తుడుస్తారు. చెంబుడు నీళ్ళతో ఒంటి సబ్బు ఎలా వదులుతుందో తెలుస్తుంది. బోటు మీద అంట్లు మొదట సముద్రపు నీళ్ళలో తోమి, చివరిసారి మాత్రమే మంచినీళ్ళలో జాడిస్తారు. స్నానమూ అంతే, సముద్రంలో మునిగి వచ్చి రెండు లీటర్ల మంచినీళ్ళు పోసుకోవడం. ఆ రెండు లీటర్ల దగ్గర మాత్రం పీనాసితనం పనికిరాదు. ఒంటి మీద, బట్టల మీద ఉప్పు మిగిలితే అది గాలిలో చెమ్మని పట్టుకుంటూనే ఉంటుంది. పక్కబట్టలకి ఒకసారి అంటిందంటే ఎంత ఎండలో వేసినా సాయంత్రానికి మళ్ళీ చెమ్మగిల్లుతాయి.

కరెంటు లెక్క మిక్సీతో మొదలుపెట్టండి. బోటు బ్యాటరీలు 12 వోల్టులవి. 750 వాట్ల మిక్సీ ఆడితే బ్యాటరీ నుంచి 62 ఆంపియర్లకు పైగా లాగుతుంది, ఇన్వర్టరులో పోయేది కలిపితే 70 దాకా. అందుకే రుబ్బుడు పనులన్నీ మిట్టమధ్యాహ్నం, సోలార్ పలకలు బాగా ఇస్తున్నప్పుడే. ఆ వారం ఇంట్లో మిక్సీ పన్నెండు నుంచి రెండు మధ్యే వాడండి. ఇస్త్రీపెట్టె, గీజర్, ఎ.సి. ముట్టుకోవద్దు. ఫ్రిజ్ తలుపు రోజుకి నాలుగుసార్ల కన్నా ఎక్కువ తీయకండి.

ఇరుకు అంటారా, ఆ వారం ఇద్దరూ ఒకే గదిలో ఉండండి. బోటులో మనకిచ్చే గది రైలు త్రీటైర్ బోగీలో ఎదురెదురు బెర్తులున్న చోటుకన్నా పెద్దదేమీ కాదు. ఒకరు బట్టలు మార్చుకుంటుంటే ఇంకొకరు బయటికి వెళ్ళాలి. మీ ఇంట్లో ఎవరికి ఎప్పుడు కోపం వస్తుందో, వచ్చినప్పుడు ఎవరు ఎటు వెళ్ళి కూర్చోవాలో ఇక్కడే మాట్లాడుకుని పెట్టుకోండి. బోటులో తలుపు ధడాలున వేసి మేడ మీదకి వెళ్ళిపోవడం కుదరదు. మా ఇంట్లో ఒప్పందం ఏమిటంటే, మాట పెరిగితే ఒకరు డెక్ మీద ముందుకి వెళ్తారు, చీకటి పడేలోపు ఇద్దరూ కలిసి టీ తాగుతారు.

మూడో పని: కృష్ణలో కాళ్ళు తడపడం

ఈత రాకపోయినా బోటు మీద ఉండొచ్చు, ఉన్నవాళ్ళు ఉన్నారు. కానీ నీళ్ళలో పడితే వెల్లకిలా తేలి, ఊపిరి పట్టుకుని, సాయం వచ్చేదాకా ఉండగలగాలి. అరవై దాటినవాళ్ళు కూడా నెల రోజుల్లో ఆ మాత్రం నేర్చుకుంటారు. గాంధీనగర్‌లో మున్సిపల్ స్విమ్మింగ్ పూల్ ఉంది. శిక్షకుడితో "పోటీ ఈత వద్దు, తేలడం నేర్పండి" అని చెప్పండి. ఒకరోజు పంజాబీ డ్రెస్సు వేసుకునే నీళ్ళలో దిగి చూడండి, తడిసిన చున్నీ కాళ్ళకి ఎలా చుట్టుకుంటుందో అప్పుడు అర్థమవుతుంది. బోటు మీద చున్నీ ఎందుకు వద్దంటామో మళ్ళీ చెప్పక్కర్లేదు.

తర్వాత వరద కాలం పోయాక, నవంబరులో, పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి వెళ్ళే పర్యాటక శాఖ బోటు ఎక్కండి. ప్రకాశం బ్యారేజీ 1957లో కట్టినప్పటి నుంచి ఎగువన నీరు చెరువులా నిలిచి ఉంటుంది కాబట్టి కొత్తవాళ్ళకి భయం ఉండదు. ఊగే బోటులోకి అడుగు పెట్టడం, మధ్యలో వేయడం, వెంటనే కూర్చోవడం, ఈ మూడే అక్కడ సాధన చేయాల్సినవి. చేతిలో సంచితో ఎక్కవద్దు. సంచి ముందు ఇవ్వండి, తర్వాత మీరు ఎక్కండి. యాట్ దగ్గరికి తీసుకెళ్ళే చిన్న డింగీలోకి దిగేటప్పుడు ఇదే పద్ధతి, దూకడం అనేదే ఉండదు.

లైఫ్ జాకెట్ ఇస్తే పక్కన పెట్టుకోకుండా వేసుకుని, బకిల్ పెట్టుకోండి. 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం నాడు, భవానీ ద్వీపం నుంచి పవిత్ర సంగమం వైపు వెళ్తున్న పడవ ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్ళ ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు. ఒడ్డు కనిపిస్తూనే ఉంది. మన ఊళ్ళో ఆ మాట గుర్తున్నవాళ్ళెవరూ జాకెట్ ఉక్కగా ఉందని తీసేయకూడదు.

వీలైతే ఒకసారి మచిలీపట్నం దగ్గర గిలకలదిండి రేవుకి గానీ, బాపట్ల సూర్యలంకకి గానీ వెళ్ళి పోటు, ఆటు రెండూ చూసి రండి. బ్యారేజీ దగ్గర నీటిమట్టం గంటగంటకీ మారదు కాబట్టి మనకి ఆ అలవాటు లేదు. గిలకలదిండిలో వేట పడవల తాళ్ళు ఎంత వదులుగా కట్టారో గమనించండి. పోటులో పడవ లేస్తుంది, ఆటులో దిగుతుంది. బిగించి కడితే తాడైనా తెగుతుంది, కట్టిన గూటమైనా ఊడుతుంది.

నాలుగో పని: మూడు ముడులు

వన్‌టౌన్‌లో తాళ్ళు అమ్మే కొట్లో వేలు లావు నైలాన్ తాడు మూడు మీటర్లు కొనండి. బాల్కనీ గ్రిల్లుకి, కుర్చీ కాలుకి కట్టి సాధన చేయండి. మూడు ముడులు చాలు. బోలైన్ అనే ముడి జారని ఉచ్చు, ఎంత లాగినా బిగుసుకుపోదు, పని అయ్యాక సులువుగా విప్పొచ్చు. రెండోది ఇనుప కొమ్ములున్న క్లీటుకి ఎనిమిది అంకెలా చుట్టి కట్టేది. మూడోది కమ్మీ చుట్టూ రెండు చుట్లు వేసి రెండు అర ముడులు వేయడం. టీవీ చూస్తూ వేయగలిగేదాకా వేయండి, ఆ తర్వాత కళ్ళు మూసుకుని వేయండి. రాత్రి వానలో డింగీ తాడు మీ చేతికిస్తే టార్చి వెతుక్కునే తీరిక ఉండదు.

ముడి పక్కవాళ్ళ బాధ్యత కూడా. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయినప్పుడు ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర గుద్దుకుని ఎంత నష్టం చేశాయో మనం చూశాం. కట్టు తెగిన బోటు దాని యజమాని ఒక్కడికే కష్టం కాదు, దిగువన ఉన్నవాళ్ళందరికీ ముప్పే.

ఐదో పని: సామాను, వంటసరుకు

గట్టి సూట్‌కేసు వద్దు. ఖాళీ అయ్యాక దాన్ని పెట్టడానికి బోటులో చోటుండదు. మడిచి మంచం కింద దోపేయగల గుడ్డ సంచులు తీసుకెళ్ళండి. బట్టలు నూలువి, పలచనివి, చెయ్యి పూర్తిగా ఉండేవి. పండగకి ఒక్క చీర. చెప్పులు ఒక్క జత. డెక్ మీద అందరూ ఉత్తకాళ్ళతోనే తిరుగుతారు, చెప్పులు బయట విప్పే అలవాటు మనకి ఉన్నదే.

అట్టపెట్టెలు బోటులోకి రానివ్వకండి. బొద్దింకలు వాటి మడతల్లో గుడ్లు పెడతాయి. సరుకంతా ఒడ్డు మీదే విప్పి డబ్బాల్లోకి మార్చి అప్పుడు ఎక్కించాలి. బియ్యం, పప్పుల్లో ఎండు వేపాకు వేయండి. మాంసం, పాల పదార్థాలు, విత్తనాలు, పచ్చి కాయగూరలకి ఒక్కో దేశంలో ఒక్కో నిబంధన ఉంటుంది. అడిగినప్పుడు ఏదీ దాచకుండా చెప్పండి. కరివేపాకు మొక్కని మట్టితో తీసుకెళ్ళే ఆలోచన మానుకోండి, ఎండబెట్టిన ఆకు పట్టుకెళ్ళండి.

మిక్సీ భారం తగ్గించేవి ఇక్కడే చేసుకోండి. కందిపొడి, కరివేపాకు పొడి, సాంబారు పొడి, ఇడ్లీ కారం. పచ్చళ్ళలో నాకు మొదటి ఓటు గోంగూరకీ పండుమిర్చికీ. కూరగాయలు అయిపోయిన రోజున అవే దిక్కు. గాజు సీసాలు కాకుండా మరచుట్టు మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లో వేసి, ఒక్కో డబ్బానీ విడిగా కవరులో కట్టండి. ఆవకాయ నూనె బోటు దిండు మీద పడితే ఆ ఇంటావిడ ఏమీ అనకపోయినా మీకు మనసులో ఉండిపోతుంది. పసుపు మరక పడితే మాత్రం కంగారు వద్దు, కడిగి ఎండలో పెడితే రెండు మూడు రోజుల్లో వెలిసిపోతుంది.

ఆడవాళ్ళకి ఒక మాట. పొడుగు జుట్టు బోటులో పెద్ద సమస్య. రాలిన వెంట్రుకలు స్నానపు నీటిని బయటికి తోసే పంపులో చుట్టుకుంటాయి. డెక్ మీద, గాలివాలు వైపు కూర్చుని దువ్వుకోండి. తలంటుకి కుంకుడుకాయ పిప్పి తేవద్దు, వడకట్టిన రసం అయితే పరవాలేదు.

పొయ్యి దగ్గర

ఇక బోటు ఎక్కారనుకుందాం. మొదటి రోజే ఇంటివాళ్ళని అడిగి గ్యాసు తెరవడం, కట్టడం నేర్చుకోండి. వంటగ్యాసు గాలికన్నా బరువు. ఇంట్లో అయితే తలుపు సందులోంచి పోతుంది. బోటు గిన్నెలా మూసి ఉంటుంది కాబట్టి కారిన గ్యాసు అడుగున చేరి, ఒక్క నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. వంట అయిన వెంటనే సిలిండర్ దగ్గరే కట్టేయడం ప్రతి బోటులో ప్రతి మనిషీ పాటించే నియమం. ఆ గదిలోనే దేవుడి దగ్గర దీపం పెట్టాలనుకుంటే ముందు అడగండి. చిన్న బ్యాటరీ దీపంతో సరిపెట్టుకోవడమే మంచిదని నేనంటాను.

పొయ్యి ఇరుసుల మీద ఊగుతుంది, బోటు ఒరిగినా గిన్నె సమంగా ఉంటుంది. దాన్ని చూసి భయపడి చేత్తో ఆపకండి. ప్రయాణంలో ఉన్నప్పుడు ప్రెషర్ కుక్కరే ఉత్తమం, మూత బిగుసుకుని ఉంటుంది కాబట్టి గిన్నె దొర్లినా పప్పు ఒలకదు. అప్పుడు వేపుళ్ళు వద్దు. లంగరు వేసి ఉన్నా పక్క నుంచి ఫెర్రీ పోతే దాని అలకి బోటు ఒక్కసారి ఒరుగుతుంది. మరిగే నూనె మూకుడు ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. బెజవాడ పునుగులు తినకుండా ఉండలేనివాళ్ళు గుంట పొంగనాల పెనం తీసుకెళ్ళండి. అదే పిండి, గుంటకి నాలుగు చుక్కల నూనె. అక్కడి వేడికి పిండి ఒక్క రాత్రిలో చక్కగా పులుస్తుంది.

తిరగమోతకి ముందు పైన ఉన్న కిటికీ తలుపులన్నీ తీయండి. గుంటూరు మిరపకాయ ఘాటు కిందికి చేరిందంటే లోపల పడుకున్నవాళ్ళు దగ్గుతూ పైకి వస్తారు.

టాయిలెట్ గురించి క్లుప్తంగా: కాగితం, పీచు, జుట్టు, ఏదీ వేయకూడదు. చేతిపంపుతో చెప్పినన్నిసార్లు కొట్టాలి. మనకి మగ్గు అలవాటు కాబట్టి ఈ విషయంలో మనవాళ్ళు మంచి అతిథులు.

కడుపులో తిప్పడం మొదటి రెండు మూడు రోజులు ఉంటుంది. మందు ఏది వేసుకోవాలో ఇక్కడే మీ డాక్టరుని అడిగి తెచ్చుకోండి, బీపీ, కంటి జబ్బులు ఉన్నవాళ్ళు తప్పకుండా అడగాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ఉపయోగం తక్కువ, బయల్దేరే ముందే వేసుకోవాలి. కింద కూర్చుని ఫోను చూడకుండా డెక్ మీదకి వచ్చి ఆకాశం, నీరు కలిసే గీత చూడండి. అల్లం మురబ్బా జేబులో ఉంచుకోండి.

పక్క బోట్లవాళ్ళు

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఒక రేవులో ఇరవై బోట్లు లంగరు వేసి ఉంటే పది దేశాలవాళ్ళు ఉండొచ్చు. రెండు రోజులకి సగం వెళ్ళిపోయి వేరేవాళ్ళు వస్తారు. ఇంటిపేర్లు ఎవరికీ గుర్తుండవు, బోటు పేరుతోనే పిలుస్తారు. మీరు ఎవరని అడిగితే మీ బోటు పేరు ముందు చెప్పి, తర్వాత మీ పేరు చెప్పండి. ఆడవాళ్ళు "ఫలానావారి భార్యని" అని చెప్పక్కర్లేదు, మీ పేరే చెప్పండి.

వేరే బోటు దగ్గరికి డింగీలో వెళ్తే పట్టుకుని ఎక్కేయకూడదు. రెండు మూడు మీటర్ల దూరంలో ఆగి బోటు పేరు పెట్టి పిలవాలి, లేదా పక్కగా వచ్చి బోటు ఒంటి మీద వేళ్ళతో తట్టాలి. వాళ్ళు రమ్మంటేనే ఎక్కాలి. లోపల ఎవరో స్నానం చేస్తుండొచ్చు, రాత్రంతా కాపలా కాసి నిద్రపోతుండొచ్చు. మనం గేటు తీసుకుని "వదినా, ఏం చేస్తున్నావ్" అంటూ వంటింట్లోకి వెళ్ళే మనుషులం కనుక ఈ ఒక్కటీ మరీ మరీ చెప్తున్నాను.

"సాయంత్రం రండి" అంటే భోజనానికి అని కాదు. పొద్దు కుంకే వేళ గంటా గంటన్నర కూర్చుని ఏదో ఒకటి తాగి, చిరుతిండి తిని కబుర్లు చెప్పుకోవడం. చీకటి పడగానే లేవాలి. ఎవరి పానీయం వాళ్ళే తెచ్చుకుంటారు, పంచుకోవడానికి ఒక చిరుతిండి తెస్తారు. మందు అలవాటు లేకపోతే మొహమాటపడకుండా చెప్పండి, ఎవరూ బలవంతం చేయరు. నిమ్మకాయ షర్బత్ జగ్గు నిండా పట్టుకెళ్తే ఎండలో తిరిగి వచ్చినవాళ్ళు ముందు దాన్నే ఖాళీ చేస్తారు. శాకాహారులైతే గుడ్డు, చేప కూడా తిననని విడమరిచి చెప్పాలి, చాలామంది చేపని మాంసంలో లెక్కవేయరు.

మనం పిలిచినప్పుడు పులుసు, రసం లాంటివి పెట్టుకోవద్దు. కాక్‌పిట్‌లో, అంటే బోటు మీద అందరూ కూర్చునే చోట, ఆరుగురు మోకాళ్ళు తగులుతూ కూర్చుంటారు, ఒళ్ళో కంచం పెట్టుకునే చోటుండదు. చేత్తో తినేవి చేయండి: పొంగనాలు, చేగోడీలు, పులిహోర చిన్న గిన్నెల్లో. కారం విడిగా పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, పల్లీలు, నువ్వులు ఉన్నాయని వడ్డించే ముందే చెప్పండి. పల్లీలు పడనివాళ్ళకి అది దురద దగ్గర ఆగదు, ప్రాణం మీదకి వస్తుంది, ఆసుపత్రి ఆ పక్కన ఉండదు. "ఇంకొంచెం, ఇంకొంచెం" అని కొసరి వడ్డించడం మన ప్రేమ. వాళ్ళు "చాలు" అంటే ఒక్కసారికే ఆగండి.

కబుర్లలో బోటు ఎంతకి కొన్నారు, పెన్షన్ ఎంత, పిల్లలెందుకు లేరు అని అడగకండి. ఎక్కడి నుంచి వచ్చారు, తర్వాత ఎటు, అక్కడ లంగరు బాగా పడుతుందా, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, ఇవి అడిగితే రాత్రి దాకా చెప్తారు. మీకు నిజంగా పనికొచ్చే సమాచారం కూడా అదే.

లంగరు మర్యాద ఒకటుంది. 6 మీటర్ల లోతు, నీటి మీద నుంచి బోటు ముక్కు ఎత్తు 1 మీటరు అనుకుంటే, మొత్తం 7కి అయిదు రెట్లు, అంటే 35 మీటర్ల గొలుసు వదులుతారు. గాలి మారితే బోటు ఆ గొలుసు మేర గుండ్రంగా తిరుగుతుంది. ముందు వచ్చినవాళ్ళ తిరుగుడుకి అడ్డం రాకుండా తర్వాత వచ్చినవాళ్ళే జరగాలి. "దగ్గరగా వేశారు" అని ఎవరైనా అంటే వాదించకుండా లంగరు ఎత్తి జరగండి.

నీటి మీద శబ్దం చాలా దూరం పోతుంది. పొద్దున్నే భక్తి పాటలు ఇయర్‌ఫోన్లో వినండి. ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు గొంతు తగ్గించండి. బోట్లవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్ ఆపదకీ, పిలవడానికీ మాత్రమే. అవతలి బోటు పేరు రెండుసార్లు, మీ బోటు పేరు ఒకసారి చెప్పి, జవాబు రాగానే 72 లాంటి వేరే ఛానెల్‌కి మారాలి. మీరు తెలుగులో మాట్లాడినా రేవంతా వింటుంది, మీరు మీట నొక్కినంతసేపూ ఇంకొకరు మాట్లాడలేరు.

ఎవరైనా మీ ఇంజను బాగు చేసిపెడితే డబ్బు ఇవ్వబోకండి, నొచ్చుకుంటారు. మర్నాడు వేడి ఇడ్లీలు, కందిపొడి పంపండి. వాళ్ళ పిల్లల్ని ఒక పూట చూసుకోండి. వాళ్ళు లేనప్పుడు వాన వస్తే వాళ్ళ కిటికీ తలుపులు మూసి రండి. చాలా బోట్లలో అతిథుల పుస్తకం ఉంటుంది. అందులో తేదీ, బోటు పేరు వేసి తెలుగులో రెండు వాక్యాలు రాయండి.

సంక్రాంతి సరిగ్గా ఆ కాలంలోనే వస్తుంది. భోగి మంట కుదరదు, గాలిపటమూ వద్దు, దారం పక్క బోటు స్తంభానికి చుట్టుకుంటుంది. డెక్ మీద తడి బియ్యప్పిండితో ముగ్గు వేయండి, ఒక బకెట్ సముద్రపు నీళ్ళతో పోతుంది. డిసెంబరు చివర్లో ఇంటి నుంచి వచ్చేవాళ్ళతో అరిసెలు తెప్పించుకుంటే పండగ దాకా నిలవుంటాయి. బోటుకి రెండు చొప్పున డింగీలో తిరిగి పంచండి. "మా ఊళ్ళో పంట ఇంటికి వచ్చే పండగ" అని చెప్తే అందరికీ అర్థమవుతుంది. రైతులు లేని దేశం లేదు కదా.

ఇంటి దగ్గరవాళ్ళకి

రేవు నుంచి రేవుకి వెళ్ళేటప్పుడు ఫోను కలవదు. ముందు రోజే ఇంట్లో ఒకరికి రాసి పంపండి: ఎప్పుడు బయల్దేరుతున్నాం, ఎక్కడికి, ఎప్పటికి చేరతాం, ఏ రోజు ఏ గంటలోపు మా నుంచి కబురు రాకపోతే ఎవరికి ఫోను చేయాలి. ఆ గంట దాకా కంగారు పడొద్దని గట్టిగా చెప్పండి. "ఆడవాళ్ళకి సముద్రమేంటి" అనే పెద్దమ్మలు ఉంటే, 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా ఐఎన్ఎస్‌వీ తారిణి అనే తెరచాప బోటు మీద ఆరుగురు నౌకాదళ మహిళలు 254 రోజుల్లో ప్రపంచం చుట్టి వచ్చారనీ, వాళ్ళలో విశాఖపట్నం అమ్మాయి లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి ఉన్నారనీ చెప్పండి.

వాళ్ళు మన ఊరు వస్తే

పక్క బోట్లవాళ్ళని మీరు పిలుస్తారు, కొందరు నిజంగానే వస్తారు. పడమటికి పోయే బోట్లలో కొన్ని కొచ్చిలో ఆగుతాయి, అక్కడ బోల్గట్టి దీవిలో మెరీనా ఉంది. ఎర్నాకుళం టౌన్ నుంచి కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా విజయవాడలో దిగుతారు. జనవరి, ఫిబ్రవరి అయితే రమ్మనండి, మే అయితే వద్దని నిర్మొహమాటంగా చెప్పండి. ఉండవల్లి గుహలు, కొండపల్లిలో పొణికి కర్రతో బొమ్మలు చెక్కే ఇళ్ళు, బ్యారేజీ దగ్గర కాలువల తలుపులు చూపించండి. బోటువాళ్ళు ఆ తలుపుల దగ్గరే గంట నిలబడతారు. అయితే మొదటి రోజు ఎక్కడికీ తీసుకెళ్ళకండి. నెలల తరబడి రెండు లీటర్లతో స్నానం చేసినవాళ్ళు వాళ్ళు. వాషింగ్ మెషిన్ ఎక్కడుందో చూపించి, గీజర్ వేసి, బాత్‌రూమ్‌లో ఉతికిన తువ్వాళ్ళు పెట్టి, కుళాయి ఎంతసేపైనా తిప్పుకోవచ్చని చెప్పండి.